‘ఴ’ కథ చెప్పడానికి పవర్‌పాయింట్ ఎంత పనికొచ్చింది: ఒక పరిశోధక విద్యార్థిని సమీక్ష

పవర్‌పాయింట్ మీద సమీక్ష రాస్తానంటే మా హాస్టల్లో స్నేహితురాళ్లు నవ్వారు. వంటింట్లో గరిటె గురించి ఎవరైనా సమీక్ష రాస్తారా, అది ఎలాగూ ఉండేదే కదా అన్నారు. అయితే గరిటె ఎలా పట్టుకోవాలో తెలియక చేయి కాల్చుకున్నదాన్ని నేను. పరిశోధనలో చేరిన నాటి నుంచి వైవా అనే చివరి మౌఖిక పరీక్ష దాకా ఈ సాఫ్ట్‌వేర్‌తో మూడు ముఖ్యమైన ప్రసంగాలు చేశాను. మొదటిది సలహా సంఘం ముందు చేసిన ఆరునెలల నివేదిక, రెండోది యూజీసీ నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు చేయవలసిన ప్రీ-సబ్మిషన్, మూడోది వైవా. మొదటిదాంట్లో శ్రోతలు నిద్రపోయారు, రెండోదాంట్లో నన్ను నిలదీశారు, మూడోదాంట్లో కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వచ్చారు. మూడుసార్లూ వాడిన సాఫ్ట్‌వేర్ ఒకటే కాబట్టి, దానిలో ఏది పనికొచ్చిందో, ఏది ముంచిందో విడదీసి చెప్పగలననుకుంటున్నాను.

నా పరిశోధనాంశం ఏమిటో ముందే చెప్పకపోతే తరువాత రాసేదేదీ అర్థం కాదు. ప్రాచీన తెలుగు శాసనాల్లో ‘ఴ’ అనే అక్షరం ఉండేది. తమిళంలో కోఴి అన్నది మనకు కోడి, వారి ఏఴు మన ఏడు, వారి కీఴ్ మన క్రింద. రేనాటి రాజుల శాసనాల్లో చోఴ అని చెక్కిన వంశనామం తరువాతి తెలుగులో చోడ అయింది. ఇప్పటి కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లలో క్రీ.శ. 575 ప్రాంతంలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా చెప్పుకుంటాం. ఆ కాలం నుంచి ఈ ధ్వని ఎప్పుడు, ఏ పరిసరాల్లో డ-కారంలోనూ ఇతర ధ్వనుల్లోనూ కలిసిపోయిందన్నదే నా ప్రశ్న. విషయం ఆసక్తికరమైనదే. దాన్ని నిస్సారంగా చెప్పడానికి నేను మొదటిసారి చాలా కష్టపడ్డాను.

ఆ మొదటి ప్రసంగానికి నలభై ఆరు స్లైడులు చేశాను. ప్రతి స్లైడు మీదా ఏడెనిమిది బుల్లెట్లు, వాటి కింద ఉప-బుల్లెట్లు. శాసనాల జాబితా ఉన్న పట్టికలో అక్షరాలు ఎంత చిన్నవంటే, ముందు వరుసలో కూర్చున్న మా గైడు మేడమ్ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. అసలు దెబ్బ అది కాదు. ఇంట్లో లాప్‌టాప్ మీద చక్కగా కనిపించిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి సెమినార్ హాలులోని పాత కంప్యూటర్‌లో తెరిస్తే, ‘ఴ’ ఉన్న ప్రతిచోటా ఒక ఖాళీ డబ్బా ప్రత్యక్షమైంది. నా పరిశోధన అంతా ఏ అక్షరం గురించో, సరిగ్గా ఆ అక్షరమే తెర మీద లేదు. ఇరవై నిమిషాలపాటు “ఈ డబ్బా ఉన్నచోట ఴ అని చదువుకోండి” అంటూ గడిపాను. ఇది చదువుతున్న మీ ఫోనులోనూ ఆ అక్షరం డబ్బాగా కనిపిస్తుంటే నా అవస్థ మీకు వేరే వివరించనక్కర్లేదు.

తప్పు పూర్తిగా నాదే. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు 1991లోనే చోటు దొరికినా, ‘ఴ’ మాత్రం 2014లో వెలువడిన 7.0 కూర్పులోనే చేరింది. అంతకు ముందు తయారైన ఫాంటులో అది లేకపోవడంలో వింతేమీ లేదు. పవర్‌పాయింట్‌లో దీనికి విరుగుడు ఎప్పటినుంచో ఉంది: ఫైల్ మెనూలో ఆప్షన్స్, అందులో సేవ్ అనే విభాగం, దాని అడుగున ఫాంటులను ఫైలులోనే పొదిగే ఎంపిక. అక్కడ రెండు దారులుంటాయి. వాడిన అక్షరాలను మాత్రమే పొదగడం ఒకటి, ఫాంటు మొత్తాన్ని పొదగడం రెండోది. హాలుకు వెళ్లాక ఆఖరి నిమిషంలో ఏదో ఒక మాట దిద్దే అలవాటు మనందరికీ ఉంటుంది కాబట్టి రెండోదే మేలు. ఫైలు కొంత బరువెక్కుతుంది, అంతే. అయితే అన్ని ఫాంటులూ ఇలా పొదగడానికి ఒప్పుకోవు. లైసెన్సు అనుమతి ఉండాలి, ఫాంటు నిర్మాణమూ కుదరాలి. అందుకే స్వేచ్ఛా లైసెన్సుతో దొరికే నోటో సెరిఫ్ తెలుగును పాఠానికి, రామభద్రను శీర్షికలకు స్థిరపరచుకున్నాను. నా మొత్తం అనుభవంలో అన్నిటికన్నా విలువైన ఎంపిక ఏదంటే, ఏ హంగూ లేని ఈ టిక్కు గుర్తే అంటాను.

తెలుగులో స్లైడులు చేసేవారికి మరో చిక్కు వరుసల మధ్య ఎడం. ఈ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే మామూలు నమూనాల్లో ఆ ఎడం 0.9గా ఉంటుంది. ఆంగ్లానికి అది సరిపోతుంది. మన లిపిలో పై వరుసలోని వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుసలోని గుడులు పైకి లేస్తాయి. రెండూ ఢీకొని ‘క్ష్మి’ వంటి చోట్ల ఏది ఏ వరుసదో తెలియదు. దీన్ని ఒక్కో స్లైడులో సరిచేస్తూ కూర్చోకుండా, స్లైడ్ మాస్టర్ తెరిచి ఒక్కసారి 1.2కు మార్చుకుంటే ఫైలంతా తేరుకుంటుంది. అక్కడే పాఠం పెరిగినప్పుడల్లా అక్షరాలను దానంతటదే కుదించే ఆటోఫిట్‌ను కూడా ఆపేయాలి. మనం రాసింది ఎక్కువైందని మనకు తెలియనివ్వకుండా కప్పిపుచ్చే సదుపాయం అది.

బుల్లెట్ల సంగతికి వస్తాను. 1987లో రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్‌ల చేతిలో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో మాకింటాష్ కోసం పుట్టి, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ సొంతమైన ఈ సాఫ్ట్‌వేర్ మొదట వ్యాపార సమావేశాల కోసం ఉద్దేశించినది. కొత్త స్లైడు తెరవగానే పైన ఒక శీర్షిక, కింద బుల్లెట్ల పెట్టె ఎదురుచూస్తూ ఉండటం ఆ పుట్టుక తాలూకు పోలికే కావచ్చు. ఖాళీ పెట్టె కనిపిస్తే మనిషి దాన్ని నింపుతాడు. ఇది కేవలం విసుగుకు సంబంధించిన సంగతి కాదు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించిన కొలంబియా ప్రమాదంపై దర్యాప్తు జరిపిన బోర్డు, పూర్తిస్థాయి సాంకేతిక పత్రాల స్థానంలో స్లైడులతో పని జరిపించే అలవాటును తన నివేదికలో ప్రత్యేకంగా తప్పుపట్టింది. రెక్కకు తగిలిన ఫోమ్ ముక్క గురించిన అసలు సందేహం, ఒక స్లైడులోని బుల్లెట్ల అంతస్తుల కింద, చిన్న అక్షరాల్లో, నలిగిపోయింది. నా నలభై ఆరు స్లైడుల్లో కూడా నా అసలు ఫలితం ముప్పై ఎనిమిదో స్లైడులో నాలుగో ఉప-బుల్లెట్‌గా ఉందని తరువాత లెక్కపెట్టుకుని సిగ్గుపడ్డాను.

అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయపు మైకేల్ ఆలీ చాలాకాలంగా ప్రచారం చేస్తున్న పద్ధతి ఒకటుంది: స్లైడు పైన విషయం పేరు కాకుండా పూర్తి వాక్యంలో ఒక ప్రతిపాదన ఉండాలి, దాని కింద బుల్లెట్లకు బదులు ఆ ప్రతిపాదనకు కంటికి కనిపించే ఆధారం ఉండాలి. దీన్ని ఆచరించడం చెప్పినంత సులువు కాదు. “ధ్వని పరిణామం: స్థూల పరిశీలన” అన్న నా పాత శీర్షికను వాక్యంగా మార్చబోతే, నేను ఏమి చెప్పదలచుకున్నానో నాకే తెలియదని బయటపడింది. రెండు రోజులు గింజుకుని చివరికి “చోఴుడు చోడుడైన తరువాత కూడా రాతగాళ్లు కొంతకాలం పాత అక్షరాన్నే చెక్కారు” అని రాశాను. కింద రెండు శాసనాల నుంచి తీసిన రెండు ముక్కలు, పక్కపక్కన. అంతే, ఇంకొక్క మాట లేదు. ఆ ఒక్క స్లైడు తయారయ్యాక సిద్ధాంత గ్రంథంలో నా నాలుగో అధ్యాయాన్ని కూడా తిరగరాసుకోవలసి వచ్చింది.

ఇక మార్ఫ్. 2015లో చందాదారులకు వచ్చి, 2019 కూర్పు నుంచి ఒకేసారి కొనుక్కునేవారికీ అందిన ఈ స్లైడు మార్పిడి పద్ధతి, నా దృష్టిలో, ఈ సాఫ్ట్‌వేర్‌లో పరిశోధకులకు దొరికిన అత్యుత్తమ పనిముట్టు. అత్యంత ప్రమాదకరమైనది కూడా అదే. మంచి మొదట చెబుతాను. శాసనపు ఎస్టాంపేజిని, అంటే రాతి మీద తడి కాగితం అద్ది సిరాతో తీసిన నకలును, మొదటి స్లైడులో మొత్తం చూపిస్తాను. ఆ స్లైడుకు నకలు తీసి, రెండోదానిలో అదే చిత్రాన్ని ఆరు రెట్లు పెంచి, నాకు కావలసిన వరుస మధ్యకు వచ్చేలా జరిపి, మార్పిడిగా మార్ఫ్ ఎంచుకుంటాను. అంతే, చూసేవారి కళ్లు రాయి మొత్తం మీంచి ఆ ఒక్క అక్షరం మీదికి మెల్లగా దిగుతాయి. ఆ అక్షరం ఎక్కడుందో, దాని చుట్టూ ఏముందో ఎవరూ మరచిపోరు. పట్టికలో ‘మూడో వరుస, ఐదో అక్షరం’ అని రాస్తే ఒక్కరూ వెతకరు.

దీనికి తోడుగా ఒక చిన్న కిటుకు వాడాను. స్లైడంతా కప్పే నల్లటి దీర్ఘచతురస్రం గీసి, దాని మీద ఒక వృత్తం పెట్టి, ముందు పెద్దదాన్ని, తరువాత చిన్నదాన్ని ఎంచుకుని, మెర్జ్ షేప్స్‌లో సబ్‌ట్రాక్ట్ నొక్కితే నల్లటి తెరలో గుండ్రటి కిటికీ తయారవుతుంది. ఆ నలుపును కొంచెం పారదర్శకం చేస్తే రాయి మసకగా, అక్షరం మాత్రం వెలుగులో కనిపిస్తుంది. తరువాతి స్లైడులో కిటికీని పక్క అక్షరం మీదికి జరిపి మార్ఫ్ పెడితే, చీకటి గుడిలో దీపం పట్టుకుని శాసనం చదువుతున్నట్టే ఉంటుంది. నిజానికి నేను మొదటిసారి శాసనం చదివింది టార్చిలైటు వెలుతురులోనే. ఆ అనుభవాన్ని హాలులోకి తేగలిగినందుకు ఈ సాఫ్ట్‌వేర్‌కు నేను రుణపడి ఉన్నాను.

ఆ ఉత్సాహంలోనే చెడిపోయాను. ‘ఴ’ ఆకారం శతాబ్దాల వెంట ఎలా మారిందో చూపించాలని, నాలుగు శాసనాల్లోని రూపాలను ఫ్రీఫారం గీతతో ఒక్కొక్కటిగా గీశాను. స్లైడులోని వస్తువుల పేర్ల జాబితా చూపే సెలెక్షన్ పేన్‌లో వస్తువు పేరు ముందు రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టి, అన్ని స్లైడుల్లోనూ అదే పేరు ఉంచితే, ఆకారాలు ఎంత వేరుగా ఉన్నా మార్ఫ్ వాటిని ఒకే వస్తువుగా భావించి ఒకదాని నుంచి మరొకదానికి కరిగిస్తుంది. ప్రీ-సబ్మిషన్‌లో ఇది చూపించగానే వెనక వరుసల్లోని జూనియర్లు “అబ్బ” అన్నారు. నేను పొంగిపోయాను. అప్పుడు లిపిశాస్త్రం బోధించే ఒక సార్ చేయి ఎత్తి, “రెండో రూపానికీ మూడో రూపానికీ మధ్యలో, ఎడమ పక్క కొక్కెం తిరిగిన అక్షరం ఒకటి కనిపించిందమ్మా, అది ఏ శాసనంలోది?” అని అడిగారు.

అది ఏ శాసనంలోదీ కాదు. రెండు గీతల మధ్య కంప్యూటరు లెక్కగట్టి పూరించిన రూపం. ఆ మాటే చెప్పాను. “మరి చూసినవాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?” అన్నారు ఆయన. నా దగ్గర జవాబు లేదు. రాతిలో లేని అక్షరాన్ని నేను నలభైమందికి చూపించాను. అందులో కొందరు దాన్ని గుర్తుపెట్టుకుని ఉంటారు కూడా. ప్రదర్శనను ఆకర్షణీయంగా చేయమని చెప్పే సలహాలు ఎన్నో చదివాను గానీ, ఆకర్షణ ఆధారాన్ని సృష్టించే చోట ఆగాలని ఎవరూ చెప్పగా వినలేదు. ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న నియమం ఇది: కదలిక చూపును నడిపించవచ్చు, వస్తువును మార్చకూడదు. చిత్రాన్ని పెంచడానికి, కిటికీ జరపడానికి, మ్యాపులో ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లడానికి మార్ఫ్ వాడతాను. రెండు దత్తాంశాల మధ్య ఖాళీ ఉంటే అక్కడ ఖాళీనే చూపిస్తాను. వైవాకు అవే నాలుగు రూపాలను కదలిక లేకుండా, మధ్యలో శతాబ్దాల నిడివికి తగినంత ఎడంతో, ఒకే గీత మీద నిలబెట్టాను. “అబ్బ” అన్నవారు లేరు, కానీ ఆ ఎడాల గురించి మంచి ప్రశ్నలు వచ్చాయి.

స్లైడుకు తగిన అలంకరణలు సూచించే డిజైనర్ మీద నాకు పెద్దగా గౌరవం లేదు. చిత్రాన్ని తన చట్రానికి సరిపెట్టడం దాని స్వభావం; ప్రకృతి దృశ్యానికైతే అంచు తెగినా ఫరవాలేదు, శాసనానికి అంచు తెగితే వరుసల మొదటి అక్షరాలు పోతాయి. సిద్ధంగా దొరికే బల్బు బొమ్మలు, పళ్లచక్రాలు, కరచాలనాలు ఏ పరిశోధనకు పనికొస్తాయో నాకు తెలియదు.

మాట్లాడే సమయానికి పనికొచ్చేవి మాత్రం మెచ్చుకోవాలి. ప్రెజెంటర్ వ్యూలో మన తెర మీద తరువాతి స్లైడు, మన నోట్సు, గడిచిన సమయం కనిపిస్తాయి. శ్రోతలకు స్లైడు ఒక్కటే కనిపిస్తుంది. ఇంట్లో ఒకే తెర ఉన్నా ఆల్ట్, ఎఫ్5 కలిపి నొక్కి దీన్ని సాధన చేయవచ్చు. ప్రసంగం మధ్యలో ఆంగ్ల ‘బి’ మీట నొక్కితే తెర నల్లబడుతుంది. అప్పుడు అందరూ తెర వదిలి మన ముఖం వైపు చూస్తారు. “మీ అమ్మమ్మ కోడిని ఏమని పిలిచేది?” వంటి ప్రశ్న అడగడానికి అదే అదను. స్లైడు సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి వెళుతుందన్న సంగతి తెలియక ఎంతమంది ప్రశ్నల సమయంలో ముప్పై స్లైడులు వెనక్కి తిప్పుతూ చెమటలు పట్టించుకోవడం చూశానో. వైవాకు పద్నాలుగు స్లైడులే చూపించి, శాసన పాఠాలు, పట్టికలు అన్నీ వాటి వెనక దాచి, వాటి సంఖ్యల జాబితాను ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను.

పోటీదారుల గురించి క్లుప్తంగా. గణితం, భౌతికశాస్త్రం వారు ఇష్టపడే, లాటెక్ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్‌తో స్లైడులు చేసే బీమర్‌ను టిల్ టాంటౌ 2003లో తన సొంత పీహెచ్‌డీ ప్రసంగం కోసం తయారుచేసుకున్నారు. సమీకరణాలకు దాన్ని మించింది లేదు. తెలుగు కావాలంటే దాని రూపాలైన జీలాటెక్ లేదా లువాలాటెక్‌తో కుస్తీ పట్టాలి, చిత్రం మీద కిటికీ జరపడం వంటివి దానిలో శ్రమతో కూడిన పని. బుడాపెస్ట్‌లో పుట్టిన ప్రెజీ జూమ్ కోసమే పుట్టింది గనుక ఎస్టాంపేజికి సరిపోతుందనుకున్నాను. కానీ అక్కడ ప్రతి అడుగూ జూమే కావడంతో పది నిమిషాలకు కళ్లు తిరిగాయి. కాన్వాలో పోస్టరు చేయడం హాయి. నలభై నిమిషాల వాదనను మాత్రం దానిలో నడపాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఏ సాఫ్ట్‌వేర్ తెరిచేముందైనా ఒక కసరత్తు చేయమని మాత్రం జూనియర్లకు చెబుతున్నాను. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన మూడు నిమిషాల థీసిస్ పోటీలో కదలికలు లేని ఒకే ఒక్క స్లైడుకు అనుమతి ఉంటుంది. పోటీకి వెళ్లకపోయినా ఆ నియమంతో ఇంట్లో ఒకసారి ప్రయత్నించాను. ఏ ఒక్క బొమ్మ ఉంచాలో తేల్చుకోవడానికి వారం పట్టింది. చివరికి మిగిలింది కోఴి, కోడి అన్న రెండు మాటలు, వాటి మధ్య ఒక రాయి. వైవాలో నా మొదటి స్లైడు అదే.

ఖర్చు మాట: చాలా విశ్వవిద్యాలయాల ఈమెయిలు ఉన్నవారికి వెబ్ రూపం ఉచితంగా దొరుకుతుంది. ఫాంటులు పొదగడం, ఆకారాలు కత్తిరించడం వంటి పనులకు నేను కంప్యూటర్‌లో వేసుకునే పూర్తి రూపాన్నే వాడాను. అది సొంతంగా కొనేముందు డిపార్ట్‌మెంటులో లైసెన్సు ఉందేమో విచారించండి. మార్ఫ్ వాడిన ఫైలును పాత కూర్పులో తెరిస్తే అది మామూలు ఫేడ్‌గా మారిపోతుంది కాబట్టి, హాలులోని కంప్యూటర్‌లో ఏ కూర్పు ఉందో ముందురోజే వెళ్లి చూసుకోవాలి. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఒక మార్కు ఆ ఖాళీ బుల్లెట్ పెట్టెకు.

వైవా రోజున నేను చివర ‘ధన్యవాదాలు’ స్లైడు పెట్టలేదు. మాట ముగించి, నోటితోనే కృతజ్ఞతలు చెప్పి, తొమ్మిది కొట్టి ఎంటర్ నొక్కి, కిటికీ వెలుగులో అక్షరం ఉన్న స్లైడును తెర మీద వదిలేశాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కాసేపు కూర్చుని చూసి, లేచి తెర దగ్గరికి నడిచారు. ఆయన నీడ సగం శాసనం మీద పడింది. వేలితో ఆ అక్షరం అంచు వెంట గీస్తూ, “ఇది ఴ కాదేమోనమ్మా, ళ కావచ్చు, ఈ కింది గీత రాయి పగులేమో చూడాలి. ఇంకొంచెం పెద్దది చేయగలవా?” అన్నారు. మా గైడు మేడమ్ కూడా లేచి ఆయన పక్కకు వచ్చి నిలబడ్డారు. నేను కంట్రోల్, ప్లస్ మీటలు కలిపి నొక్కాను.